1966 మస్టాంగ్‌లో హీటర్ కోర్ మార్చడం ఎలా?

మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి పాత కారును ఎవరూ బయటికి తీయరు. కానీ ఏప్రిల్‌లో, అక్టోబరులో పొద్దున్నే బయల్దేరితే హీటర్ ఉండాల్సిందే. కాళ్లకు వెచ్చదనం సంగతి తర్వాత, ముందు అద్దం మీద ఆవిరి పోకపోతే రోడ్డే కనిపించదు. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు కారు హీటర్‌తో పెద్దగా పని పడదు. నేనూ ఇక్కడికొచ్చి, 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాకే దాని లోపల ఏముందో చూశాను.

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం అక్కడ వేడెక్కి దాని సన్నని గొట్టాల్లో తిరుగుతుంటే, ఫ్యాన్ ఊదే గాలి ఆ వేడిని అందుకుని లోపలికి వస్తుంది. దశాబ్దాలు గడిచేసరికి ఆ లోహం లోపలి నుంచి తినేసుకుపోయి చిల్లు పడుతుంది. కొత్త కోర్ ఖరీదు తక్కువే, శ్రమంతా హీటర్ పెట్టెను బయటికి తీయడంలో ఉంది. అందుకే పెట్టె ఒక్కసారి బయటికొచ్చినప్పుడు దాని చుట్టూ ఉన్న పనులన్నీ చేసేయాలి.

ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోండి

ప్యాసింజర్ వైపు కార్పెట్ తడిగా ఉందనగానే కోర్ పోయిందని అనుకోకండి. 1965, 1966 మస్టాంగ్‌లకు పేరుమోసిన జబ్బు ఇంకొకటుంది. ముందు అద్దం కింద గాలి వెళ్లే జాలీ ఉంటుంది కదా, దాని కింద రేకుతో చేసిన తొట్టి లాంటిది ఉంటుంది. వాన నీళ్లు అందులో పడి పక్కలకు పారిపోవాలి. ఏళ్ల తరబడి ఎండుటాకులు పేరుకుని, చెమ్మకు ఆ రేకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. అప్పుడు వాన నీళ్లు నేరుగా హీటర్ పెట్టెలోకి, అక్కడి నుంచి కార్పెట్ మీదికి వస్తాయి. కొత్త కోర్ వేసినా తడి పోదు.

తేడా పట్టడం కష్టమేమీ కాదు. కూలెంట్ అయితే వేళ్లకు జారుడుగా తగులుతుంది, తీపి వాసన వస్తుంది, రంగు ఉంటుంది. హీటర్ వేయగానే అద్దం లోపలివైపు జిడ్డు పొరలా పడుతుంది. రేడియేటర్‌లో మట్టం తగ్గుతూ ఉంటుంది. వాన పడ్డాక, కారు కడిగాక మాత్రమే తడి వస్తుంటే అది రేకు సమస్య. వాసన చూడండి చాలు, రుచి మాత్రం వద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, ప్రాణం పోతుంది. ఈ పని జరిగినంతసేపూ నేల మీద ఒక్క చుక్క కూడా వదలకండి.

కొన్న కోర్‌ను బిగించే ముందే పరీక్షించండి

మీ కారు మోడల్‌కు తగ్గ కోర్ తెప్పించండి. రాగి, ఇత్తడితో చేసినదీ దొరుకుతుంది, అల్యూమినియందీ దొరుకుతుంది. నా ఓటు రాగికే, రేపు చిన్న చిల్లు పడినా టంకం పెట్టించుకోవచ్చు. దాంతోపాటే ఫోమ్ సీళ్ల సెట్టు, 5/8 అంగుళం హీటర్ గొట్టాలు, వాటిని బిగించే క్లాంపులు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రాల్లో కూర్చునే రబ్బరు వాషర్లు కొనండి.

మొదటిసారి నేను కొత్త కోర్‌ను డబ్బాలోంచి తీసి నేరుగా బిగించేశాను. మూడో రోజుకే కారింది. టంకం దగ్గరే సన్నని చిల్లు. రెండు రోజుల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి బిగించే ముందు ఈ పరీక్ష చేయందే ఊరుకోను: ఒక గొట్టం మూసేసి, రెండో దానికి గేజి ఉన్న చేతిపంపు తగిలించి, కోర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా గాలి కొట్టండి. గేజిలో ఒత్తిడి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటనివ్వకండి. పది నిమిషాలు ఉంచి, బుడగ ఒక్కటి వచ్చినా వెనక్కి పంపేయండి.

కూలెంట్ దించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. రేడియేటర్ మూత తీసి, అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి వెడల్పాటి తొట్టిలోకి కూలెంట్ దించండి. 289 వీ8 ఇంజిన్ అయితే మొత్తం వ్యవస్థలో సుమారు 14 లీటర్లు ఉంటుంది, కాబట్టి తొట్టి పెద్దదే పెట్టండి.

హీటర్ గొట్టాలను ఇంజిన్ వైపు కొసల దగ్గర విప్పండి. అంటుకుపోయి రాకపోతే మెలితిప్పకుండా బ్లేడుతో నిలువుగా చీల్చండి, ఎలాగూ కొత్తవి వేస్తున్నాం. ఇప్పుడు చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. ఒక గొట్టంలోకి మెల్లగా గాలి పంపితే కోర్‌లో మిగిలిన కూలెంట్ రెండో గొట్టం ద్వారా తొట్టిలోకి వచ్చేస్తుంది. నోటితో మాత్రం ఊదకండి, పంపు వాడండి. తర్వాత రెండు కొసలూ గట్టిగా మూసేయండి. ఇది చేయకపోతే పెట్టె తీసేటప్పుడు ఆ మిగిలినదంతా మీ మీద, కార్పెట్ మీద పడుతుంది.

పెట్టె బయటికి తీయడం

ప్యాసింజర్ సీటు తీసేస్తే నడుం బతికిపోతుంది. దాని నట్లు కారు కింద నుంచి ఉంటాయి, రబ్బరు మూతలు తీస్తే కనిపిస్తాయి. కారు కిందికి దూరాలి కాబట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వేయండి. ఫైర్‌వాల్ మీది హీటర్ నట్లకు, ఈ సీటు నట్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

లోపల మొదట గ్లవ్ బాక్స్ విప్పండి. దాని లోపలి డబ్బా అట్టతో చేసింది, లాగితే చిరుగుతుంది. అది వచ్చేశాక హీటర్ పెట్టె ఎదురుగా కనిపిస్తుంది. ఏదీ ముట్టుకోకముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కంట్రోల్ కేబుళ్లు ఏ మీటకు ఏది, క్లిప్పు దగ్గర ఎంత పొడవు వదిలారు, ఇవన్నీ ఫోటోలో ఉండాలి. ఆ తర్వాత కేబుళ్లు, ఫ్యాన్ వైర్లు, అద్దానికి గాలి తీసుకెళ్లే గొట్టాలు ఒక్కొక్కటే విప్పి టేపు మీద పేర్లు రాసి అంటించండి.

ఫైర్‌వాల్‌కు ఇంజిన్ వైపు ఉన్న నట్లు తీసేటప్పుడు ఇంకో మనిషి ఉండాలి. ఒకరు బయట నట్టు తిప్పుతుంటే ఒకరు లోపల పెట్టె బరువు పట్టుకోవాలి. పైన గాలి దారికి అతికి ఉన్న రబ్బరు సీలు వదిలించి, పెట్టెను వెనక్కి లాగి కిందికి దించండి.

బల్ల మీద

చుట్టూ ఉన్న స్ప్రింగు క్లిప్పులు తీస్తే పెట్టె విడిపోతుంది. లోపల ఆకులు, ఎలుకల గూళ్లు ఉండొచ్చు, మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. పాత కోర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసి కొత్తది అలాగే పెట్టండి. పాత ఫోమ్ పొడిని పూర్తిగా గీకేసి కొత్తది అంటించండి. ఈ ఫోమ్ సరిగా కూర్చోకపోతే గాలి కోర్ గుండా వెళ్లకుండా పక్క సందుల్లోంచి వెళ్లిపోతుంది, కొత్త కోర్ వేసినా వేడి రాదు. పెట్టె లోపల గాలిని మళ్లించే చిన్న తలుపులు చేత్తో కదిపి చూడండి. ఫ్యాన్ మోటారుకు 12 వోల్టులు ఇచ్చి తిప్పండి, కీచుమంటే ఇప్పుడే మార్చండి.

పెట్టె బయట ఉండగానే జాలీలోకి చెంబుతో నీళ్లు పోసి, లోపలి నుంచి టార్చితో చూడండి. రేకు కారితే దాని సంగతి తేల్చాకే హీటర్ బిగించండి. ఆ రేకులు వెల్డింగ్ చేసినవి కాబట్టి అది బాడీ పనివాళ్ల దగ్గరికి వెళ్లాల్సిన పెద్ద పని, కానీ వాయిదా వేస్తే కింది నేల రేకు కూడా పోతుంది.

తిరిగి బిగించి నింపడం

తీసిన వరుసను తిరగేసి బిగించండి. కేబుళ్లు తగిలించాక మీటలు రెండు కొసలకూ పూర్తిగా జరుగుతున్నాయో లేదో చూడండి. గ్లవ్ బాక్స్, కార్పెట్, సీటు మాత్రం ఇప్పుడే వద్దు.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. ఆ పాళ్లలో సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. మూత తీసే ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్ మీట వేడి వైపు పెట్టండి. ఇంజిన్ వేడెక్కి థర్మోస్టాట్ (వేడికి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా తగ్గుతుంది, అప్పుడు మళ్లీ నింపి మూత పెట్టండి. రెండు హీటర్ గొట్టాలూ వేడిగా ఉంటే ప్రవాహం బాగుంది. ఒకటి చల్లగా ఉంటే ఇంకా గాలి చిక్కుకుని ఉండొచ్చు.

పెట్టె కింద పాత పేపరు పరిచి రెండు మూడు రోజులు కారు నడపండి. చల్లారాక క్లాంపులు ఇంకోసారి బిగించి, మట్టం చూడండి. పేపరు పొడిగా ఉంటే కార్పెట్ వేసేయండి.