కడపలో వీలునామా రాయించడానికి సరైన లాయర్‌ను ఎలా వెతకాలి

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది, కాబట్టి బోర్డులు చూసి ఎంచుకోలేం. జిల్లా కోర్టు దగ్గరికి వెళ్లి సివిల్ కేసులు, ముఖ్యంగా భాగపరిష్కారం (ఆస్తి పంపకాల) దావాలు ఎవరు బాగా చూస్తారని ఇద్దరు ముగ్గురిని అడగండి. ఆస్తి గొడవలు కోర్టులో ఎలా ముదురుతాయో కళ్లారా చూసినవాళ్లే వీలునామా గట్టిగా రాస్తారు. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి రాత పని చేసిపెడతారు గానీ, రెండో పెళ్లి, పిత్రార్జితం లాంటి చిక్కులుంటే అది చాలదు.

వెళ్లేటప్పుడు పట్టాదారు పాస్‌బుక్, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) పట్టుకెళ్లండి. ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా అని లాయర్ మొదటే అడగాలి. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కూతుళ్లకూ పుట్టుకతోనే సమాన హక్కు ఉంది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పేది అదే. అది వదిలేసి "అంతా కొడుకు పేరు మీద రాసేద్దాం" అనే లాయరైతే లేచి వచ్చేయండి. ముస్లిం కుటుంబమైతే వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతు దాటి వీలునామా రాయడం కుదరదు, ఇది తెలిసినవారినే పట్టుకోండి.

ఫీజు ముందే మాట్లాడుకోండి. వీలునామాకు స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిదే). ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాల్సిందే, ఆస్తి దక్కేవాళ్లు కాకుండా చూసుకోండి.

డబ్బు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం ఉంది.