కూరగాయల మార్కెట్ చెత్తను గ్యాసుగా, ఎరువుగా మార్చుకోవడం ఎలా?

పొలంలో పండిన కూరగాయ మార్కెట్టుకు చేరి, అమ్ముడుపోక, మున్సిపాలిటీ ట్రాక్టరెక్కి ఊరి బయటి డంపింగ్ యార్డులో కుళ్ళిపోతే, దానితో పాటు ఆ నేల సారం కూడా తిరిగి రాకుండా పోతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. చెత్త ఎత్తడానికే డబ్బు చాలని మన చిన్న పట్టణాల్లో ఈ సారాన్ని నేలకు తిరిగి చేర్చే పనికి కూరగాయల మార్కెట్టే అనువైన చోటని నా నమ్మకం. అక్కడ రోజూ ఒకేచోట, దాదాపు ఒకే రకమైన తడి చెత్త దొరుకుతుంది.

హైదరాబాదు బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో నిర్మించిన అక్కడి ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల ఇంధనాన్ని ఇస్తుందని చెప్పారు. 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి కూడా దాన్ని ప్రస్తావించారు. ఇక్కడ వివరించబోయేది అంత పెద్ద ఏర్పాటు కాదు. రోజుకు అర టన్ను తడి చెత్త వచ్చే పట్టణ రైతు బజారునో, చిన్న మార్కెట్ యార్డునో దృష్టిలో పెట్టుకుని మార్కెట్ కమిటీలకు, స్వయం సహాయక సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు పనికొచ్చేలా రాస్తున్నాను.

తవ్వకానికి ముందు

మొట్టమొదట చెత్తను తూకం వేయాలి. కనీసం రెండు వారాలపాటు, సంత రోజునూ మామూలు రోజునూ విడివిడిగా, కాటా మీద పెట్టి రాసుకోవాలి. పండుగల ముందు, వానాకాలంలో, ధరలు పడిపోయిన వారాల్లో పరిమాణం ఎలా మారుతుందో పాత వ్యాపారులను, హమాలీలను అడిగి తెలుసుకోవాలి. కంటిచూపుతో వేసిన అంచనాను నమ్మి ప్లాంటు కడితే అది సగం ఖాళీగా పడి ఉంటుంది, లేదా మోయలేనంత భారంతో పాడవుతుంది.

తూచినదంతా గ్యాసుకే పోవాలనుకోవడం సరికాదు. సాయంత్రానికి మిగిలిన, వాడినా తినదగిన కూరగాయలు హాస్టళ్లకు, అనాథాశ్రమాలకు అదే రోజు చేరాలి. క్యాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ పైరేకులు, మొక్కజొన్న పొత్తుల పొట్టు శుభ్రంగా ఉంటే పశువుల మేతకు పోవాలి. మనిషికీ పశువుకీ పనికిరానిదే డైజెస్టరులోకి, అంటే గాలి చొరబడకుండా చెత్తను పులియబెట్టి గ్యాసు తీసే తొట్టిలోకి వెళ్లాలి. గ్యాసు తగ్గుతుందని ఈ వరుసను తారుమారు చేయకూడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన, అందరూ చివరికి వదిలేసే ప్రశ్న స్లర్రీ, అంటే గ్యాసు తీశాక డైజెస్టరు నుంచి బయటికి వచ్చే పలుచటి ముద్ద, ఎక్కడికి పోతుందన్నది. అర టన్ను చెత్తకు అంతే ద్రవం కలిపి పోస్తే దాదాపు అంత పరిమాణమే, అంటే రోజుకు సుమారు 1,000 లీటర్లు, రెండోవైపు నుంచి బయటికి వస్తుంది. దీనికి దారి చూపకుండా గ్యాసు లెక్కలు మాత్రమే వేసుకున్న ప్లాంటు, స్లర్రీని మురుగు కాలువలోకి వదిలే స్థితికి వస్తుంది. పొలం సారాన్ని పొలానికి చేర్చాలన్న అసలు ఉద్దేశం అక్కడే దెబ్బతింటుంది. కనుక గొయ్యి తవ్వకముందే, మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే రైతులతో కూర్చుని ఎవరు ఎన్ని డ్రమ్ములు తీసుకుంటారో రాయించుకోవాలి. తెల్లవారుజామున సరుకు దించిన ఆటో ట్రాలీలు ఖాళీగా తిరిగి వెళుతుంటాయి. వాటిలోనే డ్రమ్ములు పంపితే రవాణా ఖర్చు పెద్దగా పడదు.

పరిమాణం లెక్క

మన వాతావరణంలో పదార్థం డైజెస్టరులో 30 నుంచి 40 రోజులు ఉండాలి. రోజుకు ఒక ఘనపు మీటరు (1,000 లీటర్లు) పోసేటట్టయితే ద్రవానికే 30 నుంచి 40 ఘనపు మీటర్ల చోటు కావాలి, పైన గ్యాసుకు వేరే చోటు వదలాలి. తాజా కూరగాయల వ్యర్థంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి అర టన్నుకు రోజుకు 25 నుంచి 30 ఘనపు మీటర్ల గ్యాసును మించి ఆశించవద్దు. ఒక ఘనపు మీటరు బయోగ్యాసు సుమారు 0.45 కిలోల ఎల్‌పీజీకి సమానం. అంటే ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరుకు కాస్త తక్కువ ఇంధనం రోజూ దొరుకుతుంది. ఇంత చిన్న ప్లాంటుకు జనరేటరు పెట్టి కరెంటు తీయడం కన్నా, పక్కనే ఉన్న క్యాంటీనుకో హాస్టల్ వంటగదికో పైపు వేసి నేరుగా పొయ్యికి ఇవ్వడమే మేలు.

చెత్త వేరు చేయడం

ఈ ప్రయత్నం నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే. కొత్తిమీర కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు, పాలకూర కట్టకు బిగించిన ప్లాస్టిక్ దారం, ఉల్లిపాయల బస్తా నుంచి ఊడిన ఎర్ర వల పోగులు చూడడానికి చిన్నవే. కానీ డైజెస్టరులో పోసేముందు చెత్తను ముద్దగా తరిగే యంత్రం ఇరుసుకు అవి చుట్టుకుని బిగిసిపోతాయి. దాన్ని తప్పించుకున్నవి డైజెస్టరులో పైకి తేలి అట్టలా కట్టి గ్యాసును అడ్డుకుంటాయి. అందుకే చెత్త యంత్రం దగ్గరికి వచ్చాక ఏరడం కాకుండా, ప్రతి దుకాణం ముందే రెండు బుట్టలు పెట్టించాలి. యంత్రం దగ్గర ఒక బల్ల వేసి, చేతి తొడుగులతో చివరిసారి చూసే పనికి ఇద్దరిని జీతం మీద నియమించాలి. వారి జీతాన్ని మొదటి రోజు నుంచే ఖర్చుల పద్దులో చూపాలి.

అరటి బోదెలు, కొబ్బరి డొక్కలు, చెరకు పిప్పి వంటి పీచు పదార్థాలు గ్యాసుకు పనికిరావు, వాటిని ముక్కలు చేసి కంపోస్టుకు పంపాలి. నిమ్మ, బత్తాయి తొక్కల్లోని నూనెలు, ఎక్కువ మోతాదులో ఉల్లి, వెల్లుల్లి వ్యర్థాలు సూక్ష్మజీవులకు హాని చేస్తాయి కనుక వాటిని బాగా తగ్గించాలి.

ప్రారంభం, పులుపు సమస్య

మొదట డైజెస్టరును కూరగాయలతో నింపకూడదు. తాజా పేడను సమానమైన నీటితో కలిపి, గడ్డీ రాళ్లూ లేకుండా వడగట్టి పోయాలి. నడుస్తున్న గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీ కలిపితే పని త్వరగా అందుకుంటుంది. తొలి గ్యాసులో గాలి కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయాలి. మంట నీలంగా, నిలకడగా వచ్చాకే రోజుకు కొంచెం కొంచెంగా కూరగాయల ముద్దను పెంచుతూ, నెల రోజులకు పైగా సమయం తీసుకుని పూర్తి మోతాదుకు చేరాలి.

ఇంత ఓపిక ఎందుకంటే, కూరగాయలను ఆమ్లాలుగా మార్చే సూక్ష్మజీవులు చాలా వేగంగా పనిచేస్తాయి, ఆ ఆమ్లాల నుంచి మీథేను అనే మండే వాయువును తయారుచేసేవి నెమ్మదిగా పెరుగుతాయి. మొదటివాటికి మేత ఎక్కువైతే లోపలంతా పుల్లబడి రెండోవి చచ్చిపోతాయి. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.8 నుంచి 7.2 మధ్య ఉండాలి. రోజూ స్లర్రీలో పీహెచ్ కాగితం ముంచి చూసి పుస్తకంలో రాయాలి. మంట బలహీనపడడం, పులిసిన వాసన రావడం, పీహెచ్ 6.5 కన్నా దిగడం కనిపిస్తే వెంటనే మేత ఆపి, కొద్దిగా సున్నపు నీళ్లు, తాజా పేడ స్లర్రీ పోసి కోలుకునేదాకా ఆగాలి. మదనపల్లె వంటి చోట్ల టమాటా ధర కుప్పకూలిన వారాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. రోడ్డు పక్కన పారబోసిన టమాటాలను చూస్తే మనసు చివుక్కుమంటుంది, అన్నిటినీ తెచ్చి డైజెస్టరులో పోయాలనిపిస్తుంది. అలా చేస్తే అసలు ప్లాంటే ఆగిపోతుంది. రోజువారీ మోతాదుకు మించిన టమాటాను వరిగడ్డితో, పేడతో పొరలు పొరలుగా వేసి కంపోస్టు చేయడమే దారి.

డైజెస్టరు లోపలికి, శుభ్రం చేయడానికైనా సరే, ఎవరినీ దింపకూడదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడు, ఆక్సిజన్ లేమి క్షణాల్లో ప్రాణం తీస్తాయి. పడిపోయినవారిని కాపాడబోయి దిగినవారూ చనిపోతారు. ఆ పని శిక్షణ, పరికరాలు ఉన్న సంస్థకే అప్పగించాలి. గ్యాసు లీకును సబ్బు నురగతోనే వెతకాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ కాదు. పైపులో తేమ నిలిచే పల్లపు చోట నీటిని తీసే ఏర్పాటు, పొయ్యికి ముందు హైడ్రోజన్ సల్ఫైడును వడగట్టడానికి ఇనుప రజను నింపిన ఫిల్టరు తప్పనిసరి.

స్లర్రీ పొలానికి

ఎండలో ఆరబెడితే స్లర్రీలోని నత్రజనిలో మంచి భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. కాబట్టి వీలైనంతవరకు సాగునీటితో పాటు కాలువలో పారించాలి, లేదా వరిగడ్డి, ఎండుటాకులు కలిపి కంపోస్టుగా మార్చాలి. గడ్డిని తగలబెట్టే రైతులకు ఇది మరో దారి చూపుతుంది. పలుచటి ద్రవంలో కొంత వెనక్కి తెచ్చి కొత్త చెత్తకు కలిపితే మంచినీరు ఆదా అవుతుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, కీర వంటి పంటలకు కోతకు దగ్గరలో తాజా స్లర్రీ పెట్టకూడదు, వాటికి బాగా మాగిన కంపోస్టే వాడాలి.

మొదటి పంటకు రైతును పొలమంతా వేయమని అడగవద్దు. ఒక మడిలో స్లర్రీ, పక్క మడిలో ఆయన ఎప్పుడూ వాడే ఎరువు వేయించి, రెండింటి దిగుబడినీ అదే మార్కెట్ కాటా మీద తూచి చూపించాలి. ఆ తేడా చూశాకే, వచ్చే పంట కాలానికి ఎన్ని డ్రమ్ములు, ఏ ధరకు అన్న ఒప్పందం రాసుకోవాలి.