రాత్రి స్కూబా డైవింగ్‌కు మెయిన్ లైట్ ఎలా ఎంచుకోవాలి?

ఆన్‌లైన్‌లో డైవింగ్ టార్చ్ అని వెతికితే పది వేల ల్యూమెన్లు, ఇరవై వేల ల్యూమెన్లు (లైట్ ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) అంటూ లైట్లు బారులు తీరతాయి. కొన్నిటి ధర చూస్తే నమ్మబుద్ధి కాదు, నమ్మకపోవడమే మంచిది. ఆ అంకెను కాసేపు పక్కన పెట్టండి. రాత్రి డైవ్‌లో మెయిన్ లైట్‌కి రెండు పనులుంటాయి. ఒకటి మీకు చుట్టూ ఏముందో చూపించడం, రెండోది మీ బడ్డీతో, అంటే జంటగా దిగే తోటి డైవర్‌తో మాట్లాడటం. నీళ్లలో ఎలాగూ నోరు విప్పలేం, చీకట్లో చేతి సైగలూ కనిపించవు. కొనేటప్పుడు అందరూ మర్చిపోయేది ఈ రెండో పనినే.

1. ఎక్కడ దిగుతారో ముందు తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి డైవింగ్‌కి వెళ్లేవాళ్లు అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు, థాయ్‌లాండ్ అంటారు. దగ్గర్లో కావాలంటే వైజాగ్, పుదుచ్చేరి, కర్ణాటకలో మురుడేశ్వర్ పక్కనున్న నేత్రాణి దీవి. రాత్రి డైవ్ అన్నిచోట్లా చేయించరు కాబట్టి టికెట్లు తీసుకోకముందే డైవ్ సెంటర్‌ని అడిగేయండి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయో కూడా అప్పుడే కనుక్కోండి. తేటనీళ్లయితే నిజమైన 1000 ల్యూమెన్లు మామూలు డైవర్‌కి చాలు. నీళ్లు మసగ్గా ఉంటే ఇంకా పెద్ద లైట్ కావాలనిపిస్తుంది కానీ జరిగేది వేరు. చలికాలం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద పొగమంచులో హైబీమ్ వేసినట్టే, వెలుగంతా నీళ్లలోని నలకల మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది.

2. ల్యూమెన్ల కంటే ముందు బీమ్ చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. మెయిన్ లైట్‌కి బీమ్, అంటే బయటికొచ్చే వెలుగు ధార సన్నగా, సుమారు 10 డిగ్రీలు ఉండాలి. అలాంటిదైతే ఇసుక మీద గుండ్రటి మచ్చలా స్పష్టంగా పడుతుంది. ఆ మచ్చను నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ‘ఓకే’. అటూ ఇటూ వేగంగా ఊపితే ‘ప్రమాదం, ఇటు చూడు’. 100 డిగ్రీలు పరుచుకునే వీడియో లైట్‌తో ఇదే చేస్తే అవతలివాళ్లకి వెలుగు కదిలినట్టు కూడా తెలియదు. ఫొటోలు తీసే సరదా ఉంటే వీడియో లైట్ విడిగా కొనుక్కోండి, దాన్నే మెయిన్ లైట్‌గా వాడకండి.

ఇంకో మాట. ఎవరి ముఖం మీదా లైట్ కొట్టకండి. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి కళ్లకి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మీరు ఒక్క క్షణం వేసినా అదంతా పోయినట్టే.

3. ఎంతసేపు వెలుగుతుందో ఇంట్లోనే తేల్చుకోండి

పెట్టె మీద ‘2 గంటలు’ అని ఉంటే రెండు గంటలూ ఒకే వెలుగు ఇస్తుందని కాదు. టార్చ్ కంపెనీలు ఎక్కువగా పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా ఆ లెక్కలోకే వస్తుంది. అందుకని బకెట్ నిండా నీళ్లు పోసి, ఫుల్ చార్జ్ చేసిన లైట్‌ని ముఖం పైకి ఉండేలా అందులో ముంచండి. గది చీకటి చేసి, సీలింగ్ మీద పడే వెలుగును ఫోన్‌లో టైమ్‌లాప్స్ పెట్టి వదిలేయండి. ఎక్కడ తగ్గిందో వీడియోలో తేలిపోతుంది. గంట డైవ్‌కి కనీసం గంటన్నర గట్టి వెలుగు ఉండాలి. నీళ్లు లేకుండా ఈ పరీక్ష చేయొద్దు. చాలా డైవ్ లైట్లు నీళ్లతోనే చల్లబడతాయి, గాల్లో పెడితే కాలిపోయేంత వేడెక్కుతాయి.

4. బ్యాటరీ

18650 లేదా 21700 సెల్ (చార్జ్ చేసుకునే లిథియం సెల్స్‌లో రెండు సైజుల పేర్లు) పట్టే లైట్ తీసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. 18650 సెల్‌లో నిజంగా పట్టేది సుమారు 3500 ఎంఏహెచ్. దాని మీద 9900 అని రాసి ఉంటే కోఠిలో అయినా ఆన్‌లైన్‌లో అయినా అక్కడే పెట్టేసి వచ్చేయండి.

విమానానికి విడి సెల్స్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 5000 ఎంఏహెచ్ ఉన్న 21700 సెల్ అంటే దాదాపు 18 వాట్-అవర్లు. 100 దాటితేనే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి కాబట్టి టెన్షన్ లేదు. లైట్‌లోంచి సెల్ తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుంటే శంషాబాద్‌లో చెకింగ్ దగ్గర ఆలస్యం కాదు, బ్యాగులో లైట్ దానంతటదే వెలిగే భయమూ ఉండదు.

5. మూత, స్విచ్, పట్టు

‘వాటర్‌ప్రూఫ్’ అన్న ఒక్క మాట సరిపోదు, ఎన్ని మీటర్లో రాసి ఉండాలి. సరదా డైవింగ్‌కి హద్దు 40 మీటర్లు. లైట్ 100 మీటర్లది తీసుకోండి. మూత దగ్గర నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు రెండుంటే మేలు. డైవ్‌కి ముందు మూత విప్పి, రింగును వేలితో చుట్టూ తడిమి చూడండి. ఒక్క తలవెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు నీళ్లు లోపలికి రావడానికి. సిలికాన్ గ్రీజు రింగు మెరిసేంత రాస్తే సరిపోతుంది. ముద్దలా పూస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

స్విచ్ ఒంటిచేత్తో, గ్లవ్స్ ఉన్నా తిరగాలి. తల భాగాన్ని మెలితిప్పితే వెలిగే రకం బ్యాకప్‌కి పర్లేదు, మెయిన్ లైట్‌కి విసుగు. అరచేతి వెనక లైట్ కూర్చునే గుడ్‌మాన్ హ్యాండిల్ ఉంటే వేళ్లు ఖాళీగా ఉంటాయి. ఏ రకం తీసుకున్నా జారిపోకుండా తాడు ఉండాలి.

6. బ్యాకప్ లేకుండా దిగొద్దు

ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండు లైట్లు ఉండాలి. బ్యాకప్ చిన్నదైనా చాలు, బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్) జేబులో పెట్టుకుని చూడకుండానే తీయగలగాలి. మెయిన్ లైట్ ఆరిపోతే బ్యాకప్ వెలిగించి, బడ్డీకి సైగ చేసి, ఇద్దరూ డైవ్ ఆపి పైకి రావాలి. ఆ పైకొచ్చే కొద్ది నిమిషాలకే బ్యాకప్, మిగిలిన డైవ్ పూర్తి చేయడానికి కాదు.