లింఫోమాకు పేరు పెట్టే ముందు ఏ స్టెయిన్ అడగాలి

పాథాలజీలో కొత్తగా చేరిన పీజీలు లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానమున్న లింఫు గ్రంథి స్లైడు చేతికి రాగానే "మేడమ్, ఏ ప్యానెల్ పంపమంటారు?" అని అడుగుతారు. ముందు హెచ్ అండ్ ఇ (మామూలు గులాబీ-ఊదా స్టెయిన్) స్లైడు చూసి మీ అనుమానమేమిటో రెండు వాక్యాల్లో రాసి చూపించండి అంటాను. రాయలేకపోతున్నారంటే ఇంకా సరిగా చూడలేదన్నమాట. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే కణాల్లోని ఫలానా ప్రోటీన్‌ను (మార్కర్‌ను) యాంటీబాడీతో పట్టి గోధుమ రంగులో చూపే పరీక్ష, అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంది. ప్రశ్న లేకుండా అడిగినా గోధుమ రంగు వస్తూనే ఉంటుంది, చిక్కంతా అక్కడే. పైగా మన దగ్గర చాలాచోట్ల ఒక్కో యాంటీబాడీకి డబ్బు కట్టేది రోగి ఇంటివాళ్లే. భయంకొద్దీ పదిహేను మార్కర్లు ఒకేసారి రాసిపారేసే అలవాటు నాకు నచ్చదు. విడతలుగా అడగండి. మొదటి విడత జవాబు చూశాకే రెండోది.

స్టెయిన్ బాగోగులు గ్రంథిని కోసిన రోజే సగం తేలిపోతాయి. గ్రంథిని ముక్కలు చేయకుండా మొత్తంగా తీసి పంపమని సర్జన్‌ను అడగండి. సూదితో లాగిన కణాల్లో గ్రంథి నిర్మాణం కనబడదు, నిర్మాణం చూడకుండా ఫాలిక్యులర్ లింఫోమా (ఫాలికిల్స్, అంటే గుండ్రటి బీ కణాల గుంపులుగా పెరిగేది) మాట ఎత్తడం కష్టం. గ్రంథి రాగానే 3 మిల్లీమీటర్ల పలకలుగా కోసి, కోసిన ముఖాన్ని స్లైడుకు తాకించి ఒకట్రెండు ఇంప్రింట్లు తీసుకుని, ఆపైన 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకుండా. కోయకుండా అలాగే ఫార్మలిన్‌లో పడేస్తే పైపొర దాటి ద్రవం లోపలికి నెమ్మదిగా పోతుంది. అలాంటి బ్లాకులు బయటి నుంచి వస్తుంటాయి: అంచుల్లో కీ-67 (విభజనలో ఉన్న కణాలను చూపే మార్కర్) ముదురుగా, నడిమధ్యలో దాదాపు శూన్యంగా. ఆ అంకె నమ్మి వృద్ధి రేటు రాస్తే తప్పు రిపోర్టే. సెక్షన్లు 3 మైక్రాన్ల మందంలో, ఛార్జ్‌డ్ స్లైడ్ల మీదకు తీయించండి. ఫార్మలిన్ ప్రోటీన్ల మధ్య వేసిన ముడులను వేడితో విప్పాలి. కొన్ని యాంటీబాడీలకు పీహెచ్ 6 సిట్రేట్, కొన్నింటికి పీహెచ్ 9 బఫర్ పడుతుంది. ఏది దేనికో మీ ల్యాబులోనే పరీక్షించి గోడమీద అంటించుకోండి.

రోగి సెక్షన్ పక్కనే, అదే స్లైడు మీద, స్టెయిన్ పనిచేసిందో లేదో చూపే కంట్రోల్‌గా టాన్సిల్ ముక్క ఉండాలి. ముందు దాన్ని చదవండి. జెర్మినల్ సెంటర్‌లో (ఫాలికిల్ నడిమి భాగంలో) సీడీ20, సీడీ10, బీసీఎల్6 వెలగాలి. బీసీఎల్2 మాత్రం సెంటర్‌లో ఉండకూడదు, దాని చుట్టూ ఉన్న మాంటిల్‌లోనూ టీ కణాల్లోనూ ఉండాలి. సైక్లిన్ డీ1 పొలుసుల ఎపిథీలియం అడుగు పొరల్లో కనబడాలి, మాంటిల్ లింఫోసైట్లలో కనబడకూడదు. ఏఎల్‌కే (కొన్ని టీ సెల్ లింఫోమాల్లో చూసే మార్కర్) విషయంలో టాన్సిల్ పనికిరాదు. దానికి అపెండిక్స్ గోడలోని గాంగ్లియాన్ కణాలు వాడుకోవాలి.

ఇక మొదటి విడత. ఎప్పుడైనా సీడీ20 (బీ కణాలకు), సీడీ3 (టీ కణాలకు) జంటగానే అడగండి, వాటితో కీ-67. ఏ కణాలు రంగు తీసుకున్నాయన్నదే ముఖ్యం. వెనక ఉన్న చిన్న టీ కణాలు సీడీ3కి మెరిసినంత మాత్రాన అది టీ సెల్ లింఫోమా కాదు. హెచ్ అండ్ ఇలో మీకు అనుమానం కలిగించిన కణాన్నే వెతికి పట్టుకోవాలి.

చిన్న బీ కణాలు గ్రంథి నిండా పరుచుకుని ఉంటే రెండో విడతకు సీడీ5, సీడీ10, సీడీ23, సైక్లిన్ డీ1, బీసీఎల్2. సీడీ5 చదవడంలో చాలామంది తడబడతారు, ఎందుకంటే మామూలు టీ కణాలన్నీ దానికి ముదురుగానే రంగు తీసుకుంటాయి. సీడీ3 స్లైడును పక్కన పెట్టి ఒకే చోటు రెండింటిలోనూ చూడండి. సీడీ3 లేనిచోట సీడీ5 లేతగా పరుచుకుని ఉంటే అది బీ కణాలదే. సీడీ5తో సీడీ23 కూడా ఉండి, సీడీ20 బలహీనంగా, ఎల్ఈఎఫ్1 కేంద్రకాల్లో ఉంటే సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) వైపు. సీడీ5 ఉండి సీడీ23 లేకుండా సైక్లిన్ డీ1 కేంద్రకాల్లో నిండుగా ఉంటే మాంటిల్ సెల్ లింఫోమా; 11, 14 క్రోమోజోముల మధ్య జరిగే టీ(11;14) మార్పిడి ఫలితమది. సైక్లిన్ డీ1 రాలేదు గానీ రూపం అచ్చం మాంటిల్‌దే అనిపిస్తే సాక్స్11 అడగండి. రక్తనాళాల లోపలి కణాలు, హిస్టియోసైట్లు సైక్లిన్ డీ1కి ఎలాగూ రంగు తీసుకుంటాయి. అవి కూడా ఖాళీగా ఉంటే స్టెయినే పనిచేయలేదు.

సీడీ10, బీసీఎల్6 ఉన్న ఫాలికిల్స్ గుంపులుగా కనిపిస్తే బీసీఎల్2 వంతు. దీని మీద ఉన్నంత అపోహ మరే మార్కర్ మీదా లేదు. బీసీఎల్2 పాజిటివ్ అనగానే లింఫోమా అని రాసేవాళ్లున్నారు. ఇక్కడ ఆ మార్కర్ పని ఒక్కటే: ఫాలికిల్ సెంటర్‌లోని బీ కణాలు రియాక్టివా, ఫాలిక్యులర్ లింఫోమానా తేల్చడం. సెంటర్‌లో కలిసి ఉండే టీ కణాలు కూడా దానికి రంగు తీసుకుంటాయి కనుక సీడీ3 ఎంత ఉందో తీసివేసి చూడాలి. ఫాలిక్యులర్ లింఫోమాలో కొన్ని బీసీఎల్2 లేకుండానే ఉంటాయి, కాబట్టి నెగటివ్ వచ్చిందని నిర్మాణం చెప్పినదాన్ని కొట్టేయకండి. సీడీ5, సీడీ10, సీడీ23, సైక్లిన్ డీ1 నెగటివ్ అయిన చిన్న బీ కణాలుంటే మార్జినల్ జోన్ లింఫోమాను ఆలోచించాలి. దానికంటూ నమ్మదగ్గ సొంత మార్కర్ లేదు.

పెద్ద బీ కణాలు పలకలుగా ఉంటే (డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, అంటే డీఎల్‌బీసీఎల్ అనుమానం) సీడీ10, బీసీఎల్6, మమ్1, బీసీఎల్2, మిక్. ఆ కణాలు ఏ రకానివో తేల్చడానికి 2004లో వచ్చిన హాన్స్ పద్ధతిలో ప్రతి మార్కర్‌కూ 30 శాతం గీత. సీడీ10 ఉంటే జెర్మినల్ సెంటర్ రకం, అక్కడితో ఆగవచ్చు. లేకపోతే బీసీఎల్6 చూడండి: అదీ లేకపోతే రెండో రకం (జెర్మినల్ సెంటర్ కానిది). ఉంటే మమ్1 అడగండి: ఉంటే రెండో రకం, లేకపోతే జెర్మినల్ సెంటర్. మిక్ 40 శాతం, బీసీఎల్2 50 శాతం దాటితే డబుల్ ఎక్స్‌ప్రెసర్ అని రాస్తాం. జన్యువుల మార్పిడి ఉందో లేదో ఫిష్ (క్రోమోజోముల మీద మెరిసే ప్రోబ్‌లతో చేసే) పరీక్షే చెప్పాలి, ఈ స్టెయిన్ చెప్పదు. మధ్యస్థంగా, ఒకే తీరుగా ఉన్న కణాలు, మధ్యమధ్య చుక్కల్లా మాక్రోఫేజ్‌లు, కీ-67 దాదాపు 100 శాతం, సీడీ10 ఉండి బీసీఎల్2 లేకపోతే బర్కిట్. ఆ పేరు రాసే ముందు టీడీటీ (అపరిపక్వ లింఫు కణాల మార్కర్) చేయించి లింఫోబ్లాస్టిక్‌ను పక్కకు తప్పించండి, చికిత్స వేరు. అదే జాగ్రత్త పెద్ద కణాల్లో సైక్లిన్ డీ1తోనూ: ప్లియోమార్ఫిక్ మాంటిల్ అచ్చం డీఎల్‌బీసీఎల్ వేషంలో వస్తుంది.

హాడ్జ్‌కిన్ లింఫోమా దగ్గర కొంచెం ఆగాలి. మన ప్రాంతంలో మెడలో గడ్డ అనగానే అందరి మనసులో మెదిలేది టీబీ. హాడ్జ్‌కిన్ గ్రంథిలో గ్రాన్యులోమాలు (టీబీలో కనిపించేలాంటి హిస్టియోసైట్ల గుంపులు) ఉండటం అరుదేమీ కాదు. వాటిని చూసి టీబీ అని రాస్తే రోగి నెలల తరబడి టీబీ మందులు మింగుతూ, గడ్డ తగ్గక మళ్లీ మన దగ్గరికే వస్తాడు. గ్రాన్యులోమాల మధ్య ఇయోసినోఫిల్స్ కనబడితే పెద్ద కణాల కోసం ఓపికగా వెతకండి. అనుమానం ఉంటే సీడీ30, సీడీ15, పాక్స్5, సీడీ20, సీడీ3, సీడీ45. క్లాసికల్ హాడ్జ్‌కిన్‌లో సీడీ30 పొర మీదా, కేంద్రకం పక్కన చుక్కలానూ వస్తుంది. పాక్స్5 చుట్టూ ఉన్న మామూలు బీ కణాలకంటే లేతగా ఉండాలి. సీడీ15 కొన్ని కేసుల్లో రాదు. సీడీ45 చదవడం మోసకారి పని: పెద్ద కణానికి అంటుకున్న లింఫోసైట్ల అంచు దాని అంచులాగే కనబడుతుంది. రెండు పెద్ద కణాలు ఒకదానికొకటి నేరుగా తాకే చోటు వెతికి ఆ గీతను చూడండి. అక్కడ రంగు లేకపోతే నెగటివే. పెద్ద కణం సీడీ20, సీడీ45, ఆక్ట్2 మూడూ బలంగా తీసుకుని, సీడీ30, సీడీ15 లేకుండా, చుట్టూ టీ కణాలు వలయం కట్టి ఉంటే అది నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ రకం.

టీ సెల్ లింఫోమాలు వేరే వ్యాసం కోరేంత పెద్ద విషయం. సీడీ5 లేదా సీడీ7 పోవడం అనుమానం పెంచుతుంది. సీడీ30 అన్ని పెద్ద కణాల్లోనూ ఒకే తీరుగా ఉంటే వెంటనే ఏఎల్‌కే అడగండి.

పెద్ద కణాలు సీడీ20, సీడీ3 రెండింటికీ పలకకపోతే గాభరాపడి జాబితా పెంచకండి. ముందు ఆ రోగికి రిటుక్సిమాబ్ (సీడీ20కి అంటుకునే మందు) ఇచ్చారేమో కనుక్కోండి. ఆ మందు తర్వాత సీడీ20 మాయమవుతుంది, పాక్స్5, సీడీ79ఏ నిలుస్తాయి. ఇవ్వలేదంటే సైటోకెరాటిన్, సాక్స్10, సీడీ138 వైపు చూడండి. క్యాన్సర్ వేరేచోట నుంచి గ్రంథికి వచ్చి ఉండవచ్చు, మెలనోమా కావచ్చు, ప్లాస్మాబ్లాస్టిక్ కావచ్చు.

రిపోర్టులో ఒట్టి పాజిటివ్, నెగటివ్ రాస్తే నేను సంతకం పెట్టను. ఏ కణాల్లో, ఎంత శాతం, ఎంత బలంగా, పొర మీదా కేంద్రకంలోనా అని రాయండి. 2022లో లింఫోమాల వర్గీకరణలు రెండు, డబ్ల్యూహెచ్‌ఓ అయిదో కూర్పు, ఐసీసీ (ఇంటర్నేషనల్ కన్సెన్సస్ క్లాసిఫికేషన్), వచ్చాయి, కొన్ని పేర్లు వాటి మధ్య కలవవు. పైన చెప్పిన నాడ్యులర్ రకాన్ని డబ్ల్యూహెచ్‌ఓ హాడ్జ్‌కిన్‌గానే ఉంచింది, ఐసీసీ బీ సెల్ లింఫోమా అంది. ఏ వర్గీకరణ ప్రకారం పేరు పెట్టారో ఆ పేరు పక్కనే రాయండి. చిన్న కోర్ బయాప్సీలైతే మొదటి రోజే పది ఖాళీ స్లైడ్లు అదనంగా కోయించి పెట్టుకోండి; బ్లాకును మళ్లీ మళ్లీ మైక్రోటోమ్ మీద పెట్టి ట్రిమ్ చేస్తే, రెండో విడతకు కణజాలమే మిగలదు.