సుబాబుల్ కోత: లారీ ఖాయమయ్యాకే గొడ్డలి

గుంటూరు చుట్టుపక్కల సుబాబుల్ తోటలు కోయించే పని పదిహేనేళ్లుగా చేస్తున్నాను. కొత్త రైతు ఎవరైనా మొదట కూలీల గురించి అడుగుతారు. నేను లారీ గురించి అడుగుతాను. కాగితం మిల్లుకు వెళ్లే కర్రను టన్నుల్లో అమ్ముతాం. కోసిన మరుక్షణం నుంచి అది ఆరిపోతూనే ఉంటుంది, ఆరినంత మేర మన డబ్బే పోతుంది. పైగా పచ్చిగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వచ్చే బెరడు, రెండు రోజులు ఎండితే కత్తికి కూడా లొంగదు.

అందుకే రాజమహేంద్రవరం కాగితం మిల్లుకో సారపాక మిల్లుకో లారీ బయలుదేరే రోజును ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేస్తాను. మా ముఠాలో పన్నెండు మంది. కొట్టి, కొమ్మలు నరికి, దుంగలు చేసి, బెరడు తీసి, పదహారు టన్నులు లారీకెత్తడానికి వాళ్లకు రెండు రోజులు పడుతుంది. కాబట్టి లారీకి రెండు రోజుల ముందు గొడ్డలి పడాలి, అంతకుముందు కాదు.

ఫిబ్రవరి, మార్చిలో మనుషులు మిర్చి కోతలకు పోతారు, లారీలు మిర్చి యార్డు బస్తాలకు పోతాయి. జూన్‌లో వాన పడితే నల్లరేగడిలో లారీ ఇరుసు దాకా దిగబడుతుంది. ఈ రెండింటి మధ్య ఏప్రిల్, మే నెలలే మనవి. మేస్త్రికి సంక్రాంతి వెళ్లగానే బయానా ఇస్తాను.

కూలి టన్నుకు ఇంత అని మాట్లాడుకుంటే పని చకచకా సాగుతుంది, మోళ్లు మాత్రం పాడవుతాయి. తొందరలో ఎవరికి అందిన ఎత్తులో వాళ్లు నరికేస్తారు. మోడు జానెడు ఎత్తుకు మించకూడదు, పైన నీరు నిలవకుండా ఏటవాలుగా తెగాలి, చీలకూడదు. తర్వాతి కోత ఆ మోడు నుంచే రావాలి కదా! అందుకే కూలిలో కొంత అట్టిపెట్టి, తోటంతా తిరిగి మోళ్లు చూసుకున్నాకే ఇస్తాను.

కాటా దగ్గర నేనే నిలబడతాను. ఒకసారి ఖాళీ లారీ తూకం వేస్తుంటే కేబిన్‌లో నలుగురు కూర్చున్నారు, వెనుక నీళ్ల డ్రమ్ము నిండుగా ఉంది. నిండు లారీ తూకానికి వచ్చేసరికి మనుషులూ లేరు, డ్రమ్ములో నీళ్లూ లేవు. ఆ బరువంతా రైతు కర్రలోంచి తెగిపోయింది. అప్పటి నుంచి రెండు తూకాలకూ డ్రైవరును కూడా కిందికి దింపిస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోనీ.

సన్న కొమ్మలు ఇటుక బట్టీకి పంపుతాను. ఆకు మేకలకు ఇష్టం కనుక కోత జరుగుతున్న రోజుల్లో మందను రానిస్తాను. పిలకలు కనిపించిన రోజు నుంచి రానివ్వను. రెండు మూడు నెలలయ్యాక ఒక్కో మోడుకు బలమైన పిలకలు రెండో మూడో ఉంచి మిగిలినవి తీయిస్తాను. తీసిన పిలకలను కాపరి గట్టు మీదే అందుకుంటాడు.