మన పార్కు మనమే గీద్దాం – మూడో పాఠం: కాగితం పక్కన పెట్టి ముగ్గు పోయండి

పోయినసారి ఇచ్చిన పని చేసినవాళ్ల దగ్గర ఈపాటికి సగం నిండిన నోటుపుస్తకం ఉండాలి. కాలనీలో పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలంలోకి పొద్దున్నే ఎవరొస్తున్నారు, మధ్యాహ్నం ఎవరు, సాయంత్రం పిల్లలు ఏ మూల ఆడుతున్నారు, ఆవులు ఎక్కడ పడుకుంటున్నాయి, చెత్త సంచులు ఏ గోడ పక్కన పడుతున్నాయి, అవన్నీ అందులో ఉండాలి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి ముందు అది రాసుకుని రండి. ఈ పాఠం అంతా ఆ పుస్తకం మీదే నడుస్తుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే పని. కాలనీ జనాన్ని ఆ స్థలంలోకే పిలిచి, పార్కును అసలు సైజులో నేలమీద వాళ్ల చేతే గీయించడం. ఇల్లు కట్టేముందు మేస్త్రి పునాదులకి ముగ్గు పోస్తాడు కదా, అదే పద్ధతి.

కాగితం మీద ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మామూలుగా జరిగేదేంటంటే, అసోసియేషన్ హాల్లో ఆదివారం మీటింగ్ పెడతారు, ఎవరితోనో గీయించుకొచ్చిన రంగుల బొమ్మని ప్రొజెక్టర్ మీద వేస్తారు, ఆ బొమ్మలో చెట్లన్నీ అప్పటికే ఇరవై ఏళ్లు పెరిగిపోయి ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా కనపడదు, ఒక్క కుక్క కూడా ఉండదు. జనం "బాగుంది సార్" అంటారు, టీ తాగి వెళ్లిపోతారు. మినిట్స్ బుక్కులో మాత్రం "స్థానికుల ఆమోదంతో" అని పడిపోతుంది. ఈ తంతు మన దగ్గరే కాదు, అంతటా ఉన్నదే. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే జనాన్ని కలుపుకోవడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వేసి చూపించింది. విషయం చెప్పి ఊరుకోవడం మూడో మెట్టు, అభిప్రాయం అడిగి ఊరుకోవడం నాలుగోది, రెండూ కంటితుడుపు కిందే జమ. నిజమైన భాగస్వామ్యం ఆరో మెట్టు దగ్గర గానీ మొదలవదు. మన గురి ఆ ఆరో మెట్టు.

ప్లాను చదవడం అందరికీ రాదు, రానక్కర్లేదు కూడా. కానీ ఆ స్థలం గురించి ఎదురింటి పిన్నిగారికి తెలిసినంత ప్లాను గీసినాయనకి తెలియదు. ఆ తెలిసిందంతా బయటికి రావాలంటే "మీకేం కావాలి?" అని అడగకూడదు. అలా అడిగితే మన విశాఖలో మధురవాడలోనైనా గాజువాకలోనైనా ఒకటే జాబితా వస్తుంది: వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, జారుడుబల్ల, ఫౌంటెన్, చివర్లో ఎవరో ఒకరు "ఐ లవ్" అని కాలనీ పేరు పెట్టిన సెల్ఫీ బోర్డు. ఇవన్నీ పక్క కాలనీలో చూసినవి. (ఫౌంటెన్ సంగతి వేరే చెప్పాలి. ఆరు నెలలు నీళ్లు, ఆ తర్వాత దోమలు.)

దాని బదులు వాళ్లకి తెలిసింది అడగండి. "వానొస్తే ఇక్కడ నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎన్ని రోజులుంటాయి?" "పక్కనున్న గెడ్డ (వాగు) పొంగితే ఎక్కడిదాకా వస్తుంది?" "రాత్రి తొమ్మిది దాటాక ఈ సందులోంచి నడుస్తారా, చుట్టూ తిరిగి వెళ్తారా?" మన ఊరికి ప్రత్యేకంగా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: "హుద్‌హుద్ తుఫానులో మీ వీధిలో ఏ చెట్టు పడింది, ఏది నిలబడింది?" 2014 అక్టోబర్ 12 నాటి సంగతి కాలనీలో పాతవాళ్లు ఎవర్నడిగినా ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెప్తారు. ఏది వేళ్లతో సహా లేచి కరెంటు తీగల మీద పడింది, ఏది కొమ్మలు పోగొట్టుకుని కూడా మళ్లీ చిగురేసింది, అంతా వస్తుంది. "ఏ చెట్లు కావాలి" అంటే ఫోనులో చూసిన పూల చెట్ల పేర్లు చెప్తారు, ఇలా అడిగితే ఆ వీధి మట్టిలో, ఆ గాలిలో ఏది నిలబడుతుందో తేలుతుంది. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లయితే ఉప్పుగాలికి తట్టుకునే పొన్న, కానుగ లాంటి వాటిని కూడా ఆ చర్చలోకి తీసుకురండి.

సరే, ముగ్గుకి వద్దాం. సామాను పెద్దగా ఏమీ లేదు. ముగ్గుపిండి రెండు మూడు బస్తాలు, వంద అడుగుల టేపు, పురికొస, మేకులు, కొన్ని ఇటుకలు, నాలుగైదు వెదురు కర్రలు, పాత చీరలు, ఇళ్లలోంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. పిండి బదులు సున్నం వాడొద్దు, పిల్లల కళ్లలో పడితే ప్రమాదం. ముందురోజు సాయంత్రమే మారని వాటిని మీరే గుర్తు పెట్టేయండి: గోడలు, కరెంటు స్తంభం, మ్యాన్‌హోల్, ఉన్న చెట్లు, నీళ్ల పైపు. వీటి మీద చర్చ లేదని మొదటే చెప్పేయాలి. ఏది జనం చేతిలో ఉంది, ఏది లేదు అన్నది దాచిపెట్టి మీటింగ్ నడిపితే, తర్వాత ఎవరూ మీ మాట నమ్మరు.

ఇప్పుడు ఒక లెక్క. మన స్థలం 60 అడుగులు, 120 అడుగులు అనుకుందాం, అంటే 800 గజాలు. లేఅవుట్‌లో వదిలిన పది శాతం ఖాళీ స్థలం (మొదటి పాఠంలో కాగితాలు తీయించాం కదా) చాలా కాలనీల్లో ఇంచుమించు ఇంతే ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. అంచు వెంబడి ఆరడుగుల వెడల్పు వాకింగ్ ట్రాక్ వేస్తే అది 2,016 చదరపు అడుగులు, అంటే 224 గజాలు తినేస్తుంది. స్థలంలో నాలుగో వంతు కన్నా ఎక్కువ! పోనీ నడకైనా సాగుతుందా అంటే, ఒక చుట్టు ట్రాక్ మధ్యగా కొలిస్తే 336 అడుగులు, వంద మీటర్ల పైన కొంచెం. కిలోమీటరు నడవాలంటే పది చుట్లు తిరగాలి. షటిల్ కోర్టు 44 అడుగులు, 20 అడుగులు, అదో 98 గజాలు, చుట్టూ వదలాల్సిన జాగా కాకుండానే. ఈ రెండింటికే 322 గజాలు పోయాయి. ఇంకా పిల్లల ఉయ్యాలలు లేవు, కూర్చునే చోటు లేదు, చెట్టు నీడ లేదు.

ఈ లెక్క మైకులో చెప్తే ఎవరికీ ఎక్కదు, ప్రెసిడెంట్ గారితో గొడవ మాత్రం అవుతుంది. అదే ట్రాక్ కావాలన్నవాళ్ల చేతికే టేపిచ్చి ముగ్గు పోయమంటే, రెండో మూల తిరిగేసరికి వాళ్లే ఆగి మధ్యలో మిగిలిన జాగా వైపు చూస్తారు. "ఆరడుగులు అక్కర్లేదేమో, నాలుగు చాలు" అని ఒకరు, "చుట్టూ ఎందుకు, రెండు వైపులే వేద్దాం" అని ఇంకొకరు. మీరు నోరు తెరవక్కర్లేదు. క్రికెట్ కుర్రాళ్లకీ అంతే. పిచ్ ఒక్కటే 66 అడుగులు, స్థలానికి అడ్డంగా పట్టదు, నిలువుగా వేస్తే బౌలరు పరిగెత్తేది ఎక్కడినుంచి, బంతి పడేది ఎవరి కిటికీ మీద? వాళ్లే కొలుచుకుని, వాళ్లే తేల్చుకుంటారు.

కుర్చీలు ఎందుకు తెమ్మన్నానంటే, అవే బెంచీలు. "మీరు ఎక్కడ కూర్చుంటారో అక్కడ వేసుకోండి" అనండి, అంతే, ఇంకేం చెప్పొద్దు. మురళీనగర్ వైపు ఒక కాలనీలో ఇలా చేస్తే, ప్లానులో పెద్దవాళ్ల బెంచీలు లోపల ప్రశాంతంగా ఉంటుందని వెనక గోడ దగ్గర గీసి ఉన్నాయి. ఒక మామ్మగారు కుర్చీ తీసుకెళ్లి అక్కడ వేసి, కూర్చుని, లేచి, ఇంకాస్త ఇవతలకి జరుపుకుని, మళ్లీ కూర్చుని, చివరికి దాన్ని ఈడ్చుకుంటూ గేటు పక్కకి తెచ్చి రోడ్డు వైపు తిప్పి వేసుకున్నారు. "అక్కడ మూడయ్యేసరికి గోడ కాలిపోద్ది నాయనా. ఇక్కడైతే మా మనవడి ఆటో వస్తే కనబడద్ది" అన్నారు. ఇంకో నలుగురు తమ కుర్చీలు తెచ్చి ఆవిడ పక్కన వేశారు. పడమటి ఎండ సంగతి ఆర్కిటెక్టుకీ తెలుసు, స్కూలు ఆటో సంగతి మాత్రం ఏ సర్వేలోనూ రాదు. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే పరిశోధకుడు 1970ల్లో కెమెరాలు పెట్టి మరీ గమనించింది కూడా ఇదే, కదిలే కుర్చీ దొరికితే మనిషి కూర్చునేముందు దాన్ని కొంచెమైనా జరుపుకుంటాడని. కాబట్టి జరిపేవాళ్లని ఆపకండి, చివరికి ఎక్కడ ఆగిందో అక్కడ ఇటుక పెట్టి గుర్తు వేయండి.

చీరలు నీడ కోసం. రెండు కర్రలకి కట్టి పట్టుకుంటే, ఇక్కడ చెట్టు వేస్తే సాయంత్రం నాలుగింటికి నీడ ఎవరి మీద పడుతుందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

గేటు దగ్గర ఒక పని మర్చిపోవద్దు. మన ఊళ్లో సగం కాలనీలు వాలు మీదే ఉన్నాయి, పార్కు నేల రోడ్డు కన్నా ఎత్తులో ఉంటుంది, కాంట్రాక్టర్ రెండు మెట్లు కట్టి చేతులు దులుపుకుంటాడు. వీల్‌చైర్ ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. ఆ పన్నెండు అడుగులూ ముగ్గు పోసి చూపించండి, అది ఎంత జాగా అడుగుతుందో అప్పుడు గానీ ఎవరికీ తెలియదు. వీలైతే ముందుగానే బీచ్ రోడ్డులో ఉన్న ఆల్ ఎబిలిటీస్ పార్కుకి ఒక సాయంత్రం అందరూ వెళ్లి రండి, వైకల్యం ఉన్న పిల్లల్ని కూడా దృష్టిలో పెట్టుకుని ఆటవస్తువులు ఎలా అమర్చారో చూస్తే ఇక్కడ మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఇక ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్న సంగతి. ఇందులో కాస్త మొండిగా ఉండాలి. ఆదివారం పొద్దున్న పిలిస్తే వచ్చేది సొంతిళ్లున్న రిటైరైన పెద్దమనుషులు. మంచివాళ్లే, టైముకొస్తారు, పెన్ను కూడా తెచ్చుకుంటారు. కానీ పార్కు వాడేది వాళ్లొక్కరే కాదు. అద్దెకున్నవాళ్లు "మాదేముందిలెండి, రేపో ఎల్లుండో ఖాళీ చేసేవాళ్లం" అని రారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ పిల్లలు రోజూ అక్కడే ఆడతారు, వాళ్లమ్మని ఎవరూ పిలవరు. గాజువాక, కూర్మన్నపాలెం వైపైతే స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు, రాత్రంతా సీ షిఫ్టు చేసి దిగొచ్చినాయన ఆదివారం పొద్దున్న నిద్రపోతాడా, మీ ముగ్గు చూస్తాడా? అందుకే ముగ్గు రెండు రోజులు ఉంచండి, ఒక పొద్దున్న, ఒక సాయంత్రం పెట్టండి. రెండో విడతలో మొదటి విడత గీతలు చెరిపే హక్కు ఉండాలి. చెరిపేముందు ఫొటో తీస్తే చాలు.

ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లల్ని ప్రత్యేకంగా పిలవండి, వాళ్లకి విడిగా అరగంట ఇవ్వండి, అన్నలూ నాన్నలూ పక్కన లేకుండా. ఆస్ట్రియాలోని వియన్నాలో 1990ల్లో గమనిస్తే తొమ్మిదేళ్లు దాటాక పార్కుల్లో ఆడపిల్లలు బాగా తగ్గిపోతున్నారని, మగపిల్లలు మాత్రం తగ్గడం లేదని తేలింది. ఒకే పెద్ద ఖాళీ ఉంటే దాన్ని మగపిల్లలు ఆక్రమిస్తున్నారు, ఆడపిల్లలు పోటీకి దిగకుండా ఇంటికెళ్లిపోతున్నారు. 1999లో అక్కడ రెండు పార్కుల్ని మార్చి, ఖాళీని చిన్న చిన్న భాగాలు చేసి, నడకదారులూ వాలీబాల్, బ్యాడ్మింటన్ చోట్లూ పెట్టాక ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలైంది. మన పిల్లలు ఏమంటారో మీరే వినండి. లైటు ఎక్కడుండాలి, గేట్లు ఒకటా రెండా, ఏ మూల కుర్రాళ్లు బైకులు పెట్టుకుని కూర్చుంటారు, ఇవి ముందు చెప్పేది వాళ్లే.

గొడవలు వస్తాయి. రాకపోతే అసలు మనుషులు రాలేదని అర్థం. షటిల్ కోర్టు గీతా మామ్మగారి కుర్చీలూ ఒకదాని మీద ఒకటి పడితే ఓటింగ్ పెట్టకండి, ఓటింగ్‌లో ఎక్కువమంది ఉన్న గుంపు గెలుస్తుంది, ఓడినవాళ్లు పార్కుకే రావడం మానేస్తారు. మీ నోటుపుస్తకం తీయండి. కుర్రాళ్లు ఆడేది పొద్దున్న ఆరుకీ, రాత్రి ఏడు తర్వాతా, పెద్దవాళ్లు కూర్చునేది నాలుగు నుంచి ఆరు. గొడవ జాగాది కాదు, టైముది అని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే రెండు గీతలూ అలాగే ఉంచి రెండో రోజుకి వాయిదా వేయండి, ఇంటికెళ్లి మాట్లాడుకుంటారు.

రెండో రోజు సాయంత్రానికి వార్డు సచివాలయంలోని ఎమెనిటీస్ సెక్రటరీని, వీలైతే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారిని, కార్పొరేటర్ గారిని పిలవండి. వేదిక, శాలువాలు వద్దు. గేటు దగ్గరనుంచి ముగ్గు వెంబడి నడిపించండి, నడిపించేది ప్రెసిడెంట్ గారు కాకుండా ఎక్కడ ఏం గీశారో అది గీసినవాళ్లే అయితే మంచిది. డ్రెయిన్‌కి ఎంత దూరం వదలాలి, బోరు ఎక్కడ పడుతుంది లాంటివి ఆ వచ్చినవాళ్లు అక్కడే చెప్తారు, మీరు అక్కడే గీత జరుపుతారు.

వచ్చే పాఠానికి పని: మీ స్థలంలో ఒక విడత ముగ్గు పోయించి, ఎత్తైన మేడ మీదనుంచి ఫొటో తీయండి, ప్రతి గీత మూలకీ ఒక మేకు దించి గోడనుంచి దాని దూరం రాసుకోండి. ఆ కొలతల్నే కొలబద్దతో డ్రాయింగ్‌గా మార్చి ఎస్టిమేట్‌కి ఎలా పంపాలో నాలుగో పాఠంలో చూద్దాం. రచ్చ చేసినవాళ్ల పేర్లు కూడా రాసి పెట్టుకోండి, నిర్వహణ కమిటీకి వాళ్లే కావాలి. మధ్యలో వానొచ్చి ముగ్గంతా కొట్టుకుపోతే కంగారు పడకండి, మేకులు ఎక్కడికీ పోవు. గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలిచాయో వీడియో తీయండి, నాలుగో పాఠంలో మొదట అడిగేది అదే.