ఏమీ బతకని వాలులో పాకే లంటానా పెంచడం ఎలా?

గేటు పక్కన రోడ్డుకి దిగే వాలు, ప్రహరీ వెంట సన్నటి మొరం పట్టీ, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు పోసిన మూల... చాలా ఇళ్లకి ఇలాంటి చోటు ఒకటుంటుంది. గడ్డి పరిస్తే ఏప్రిల్‌కల్లా మాడిపోతుంది. బంతులు, గులాబీలు పెడితే గోడ నుంచి కొట్టే సెగకే వడలిపోతాయి. మా ఇంటి ముందు వాలులోనూ రెండేళ్లు ఇదే తంతు. చివరికి నిలబడింది పాకే లంటానా.

లంటానా అనగానే చెరువు గట్ల మీద, అడవుల్లో అల్లుకుపోయే తలంబ్రాల చెట్టు గుర్తొచ్చి భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందానికని 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి తెచ్చిన ఆ మొక్క ఇప్పుడు దేశమంతా అడవుల్ని కమ్మేసింది. మనకి కావాల్సింది దానికి చుట్టమే గానీ అది కాదు. దీని పేరు లంటానా మాంటెవిడెన్సిస్, ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో పేరు మీద వచ్చింది. అడుగు, అడుగున్నర ఎత్తులోనే ఉండి, పక్కలకి మూడు నాలుగు అడుగులు పాకుతుంది.

కొనేటప్పుడు మోసపోకండి. మొదటిసారి ఒక నర్సరీలో నాకు తలంబ్రాల మొక్కే అంటగట్టారు. పూలగుత్తి చూడండి: పాకే రకంలో గుత్తంతా లేత ఊదా రంగు ఒక్కటే, లేదా పూర్తిగా తెలుపు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ కలిసి కనిపిస్తే వదిలేయండి. కొమ్మని వేళ్లతో నిమిరి చూడండి. పాకే రకం కొమ్మ సన్నగా, మెత్తగా వాలిపోతుంది. గీసుకునే ముళ్లుంటే అది మనకొద్దు.

ముందు తుంగ సంగతి తేల్చండి

అందరూ దాటేసే పని ఇదే. పైన గడ్డి పీకేస్తే తుంగ పోదు. మట్టిలో నల్లటి చిన్న గడ్డలు గొలుసులా ఉంటాయి, ఒక్కటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది. మే నెలలో గడ్డపారతో అడుగు లోతు తవ్వి, గడ్డల్ని ఏరేసి, మట్టిని ఎండకి వదిలేయండి. తొలి వాన తర్వాత మొలిచినవాటిని ఇంకోసారి గడ్డలతో సహా తీయండి. లంటానా అల్లుకున్నాక దాని మధ్యలోంచి తుంగ పీకడం ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

పెద్ద రాళ్లు, సిమెంటు పెళ్లలు తీసేస్తే చాలు. కంకర, మొరం ఉన్నా ఫర్వాలేదు.

గుంత, మట్టి

అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాడు పొద్దునకీ నీళ్లు నిలిచే ఉంటే అక్కడ గుంతలో నాటొద్దు, మట్టి ఎత్తుగా పోసి దాని మీద నాటండి. ఈ మొక్క ఎండని ఓర్చుకుంటుంది గానీ, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

తవ్విన మట్టి మూడు వంతులకి బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలపండి, అంతకి మించి వద్దు. నేను మొదటి ఏడు ప్రేమకొద్దీ వర్మీకంపోస్టు దండిగా వేశాను. ఆకు గుబురుగా వచ్చింది, పువ్వు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత.

నాటడం

జూన్ చివర్లో, జూలైలో వానలు కుదురుకున్నాక నాటండి. రోజుకి ఆరు గంటలైనా ఎండ పడాలి. చెట్టు నీడలో పెడితే కొమ్మలు సాగిపోతాయి, పూలు రావు. మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు వదిలితే 100 చదరపు అడుగులకి 16 మొక్కలు పడతాయి.

వాలులో వరసలు తిన్నగా కాకుండా, పై వరసలో రెండు మొక్కల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరస మొక్క వచ్చేలా పెట్టండి. ఒక్కో మొక్కకి కింది వైపు అరచంద్రంలా చిన్న మట్టికట్ట వేయండి. పై నుంచి జారే నీళ్లు అక్కడ ఆగి వేళ్లకి అందుతాయి. ఖాళీల్లో ఎండుటాకులు పరవండి.

నీళ్లు, కత్తిరింపు

వాన లేకపోతే మొదటి నెల రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి తడపండి. వేళ్లు దిగాక ఎండాకాలంలోనూ వారం పది రోజులకోసారి పాదు నిండా పోస్తే సరిపోతుంది. నాటిన నెలకి కొసలు గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి.

ఏటా వానలకి ముందు ఒకసారి మూడో వంతు కత్తిరించండి. లేకపోతే పైన పచ్చగా, లోపలంతా ఎండుపుల్లలే. ఆకు గరుకు, కొందరికి దురద పెడుతుంది కాబట్టి గ్లౌజులు వేసుకోండి. తెల్లదోమ, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి. కాయలు కడితే కోసేయండి, పిల్లల నోట్లోకి పోకుండా.

కత్తిరించిన కొమ్మల్ని మాత్రం రోడ్డు పక్కన పడేయకండి. లంటానా ఆకు పశువులకి విషం. కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చోటల్లా చర్మం పుండ్లు పడుతుంది. గొయ్యి తీసి పూడ్చేయండి.

మధ్యలో ఎక్కడైనా మొక్క చచ్చిపోతే కొత్తది కొననక్కర్లేదు. పక్క మొక్క కొమ్మని ఆ ఖాళీలోకి వంచి, కణుపు మీద గుప్పెడు మట్టి పోసి రాయి పెట్టండి. వానాకాలమైతే నెలా నెలన్నరలో వేళ్లు వస్తాయి. రాయి తీసి మెల్లగా లాగినప్పుడు కొమ్మ కదలకపోతే, తల్లి మొక్క వైపు కత్తిరించేయడమే.